చెడ్డ గడులు

ఆ పొద్దున ఆకాశం ఏ సంగతీ తేల్చుకోలేకుండా ఉంది. మబ్బులు కమ్ముకున్నాయి, చినుకు మాత్రం లేదు. ఎండ వస్తున్నట్టే వచ్చి, ఎదురింటి గోడ మీద సగం దాకా పాకి, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు మళ్ళీ పోతోంది. ఇలాంటి పొద్దును నమ్మి బట్టలు ఆరేయకూడదు. బావ దండెం మీది చొక్కా తీసి చంకన పెట్టుకుని, మేడ మెట్లు దిగి, కొట్టు తలుపు తీశాడు.

అతని పెళ్ళాం వీధి మొత్తానికీ అక్క. అందువల్ల ఆమె మొగుడు వీధి మొత్తానికీ బావ అయ్యాడు. ఆమె సొంత తమ్ముడు ఆరడుగులు పెరిగి గుమ్మాల దగ్గర తల వంచుకోవలసి వస్తున్నా చిన్నోడుగానే మిగిలాడు. ముగ్గురూ మేడ మీద ఉంటారు, కింద కొట్లో పని చేస్తారు. గుడ్లు పొదిగే యంత్రాలకు బోర్డులు తయారు చెయ్యడం వాళ్ళ పని. ఎంత వేడి ఉండాలి, ఎంత తేమ ఉండాలి, ఏ పూట గుడ్లను పక్కకు ఒరిగించాలి, ఇవన్నీ బోర్డే గుర్తుపెట్టుకోవాలి. కోడి చేసే పనే. కాకపోతే కోడికి కరెంటు పోదు.

పని మూడు చేతుల మీదుగా నడుస్తుంది. కరెంటు పోయినా రాసింది మరిచిపోని ఫ్లాష్ మెమరీ చిప్పులు కొనుక్కొచ్చి, యంత్రాన్ని నిద్రలేపే లోడరును వాటిలోకి ఎక్కించేది చిన్నోడు. ఆ చిప్పులను బోర్డు మీద అతికించేది అక్క. ఆమె సోల్డరింగ్ చేస్తుంటే కొట్లో ఎవరూ తుమ్మరు కూడా. ఆ పైన లేచి కూర్చుని పెత్తనం చేసే ప్రోగ్రామును, కెర్నెల్‌ను, తయారు చేసేది బావ. కెర్నెల్ అంటే ఇంటిపెద్ద. ఎవరికి ఏ పని, ఎవరి తరవాత ఎవరు, అన్నీ అదే చూస్తుంది. బోర్డు మీద ఉన్న ఒక్కో వస్తువుకూ ఒక్కో భాష. ఆ భాష తెలిసిన చిన్న ప్రోగ్రాములను, డ్రైవర్లను, ఏరి కెర్నెల్లో పెట్టాలి. పెట్టకపోతే చిప్పులో ఎంత దాచినా ఇంటిపెద్ద కళ్ళకు అది ఉత్త గోడ.

ఏరడంలో బావకు పేరుంది. అవసరం లేనిది ఆవగింజంత కూడా ఉంచడు. అతని కెర్నెల్ చిన్నది, పిచ్చుకలా లేస్తుంది.

తలుపు తీసేసరికి గుమ్మంలో గుడ్లాయన నిలబడి ఉన్నాడు. ఊరి చివర పొదుగు యంత్రాల షెడ్డు అతనిది. చేతిలో గోనెసంచి, సంచిలో విప్పుకొచ్చిన బోర్డులు.

"మళ్ళీ మరిచిపోయింది బావా," అన్నాడు, పలకరింపులేమీ లేకుండా. "కరెంటు పోయింది, వచ్చింది. వచ్చేసరికి యంత్రం కొత్త కోడలిలా నా మొహం చూస్తోంది. వేడి ఎంత పెట్టమంటారు మామగారూ అన్నట్టు."

"లోపల గుడ్లున్నాయా?"

"పెట్టలేదు కాబట్టి బతికాను. రేపు పొద్దున పెట్టాలి. పెట్టాక మరిచిపోయిందనుకో, నేను కూడా నీ కొట్టు దారి మరిచిపోతాను."

"అన్ని బోర్డులూ ఇంతేనా?"

"ఒకటి ముందు, ఒకటి వెనక. షెడ్డు ఆ కొసన కరెంటు ఎక్కువ పోతుంది, అక్కడివి ముందు పోయాయి. నీ పాత బోర్డులు మాత్రం రాయిలా ఉన్నాయి. ఈ కొత్త విడతకే ఏదో తెగులు." గుడ్లాయన సంచి బల్ల మీద పెట్టి, వెళ్ళబోతూ ఆగాడు. "సాయంత్రం వస్తా. బాగయితే తీసుకెళ్తా. కాకపోతే వేరే దారి చూసుకోవాలి. మొహమాటానికి పోతే గుడ్లు కుళ్ళిపోతాయి గదా."

అతను వెళ్ళాక బావ బోర్డులను వరసగా పరిచాడు. కొత్త విడత. అందులో కొత్తది ఏమిటి? అక్క చెయ్యి కొత్తది కాదు. డబ్బాలు కొత్తవి కావు. కెర్నెల్ కొంచెం కొత్త వెర్షను, కానీ ఏది ఉంచాలి, ఏది వద్దు అన్న పాత అమరికనే తెచ్చి అందులో పోశాడు. కొత్తది ఒక్కటే, ఆ ఫ్లాష్ చిప్పు. దాన్ని తెచ్చింది చిన్నోడు.

భూతద్దం తీసి చిప్పు ఒళ్ళు చూశాడు. అక్షరాలు కనీకనపడకుండా ఉన్నాయి. పాత చిప్పుల మీద తెల్లగా, నిక్కచ్చిగా ఉండేవి. వీటి మీద ఎవరో అరగదీసినట్టు ఉన్నాయి. పాడైన బోర్డుల నుంచి చిప్పులను ఊడబెరికి, ఒళ్ళు గీకి, కొత్తవని అంటగట్టేవాళ్ళు ఉంటారని అతనికి తెలుసు. ముసలి గొడ్డుకు కొమ్ములు చెక్కి, నూనె రాసి సంతకు తోలినట్టు.

అప్పుడు అతనికి ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. ఈ విడత పని మొదలయ్యే ముందు, ముసురు పట్టిన ఒక రోజున కిటికీలోంచి చూస్తే, వీధి మలుపులో పాత ఇనుమాయన కొట్టు చూరు కింద చిన్నోడు నిలబడి ఉన్నాడు. పాత ఇనుమాయన అంటే విరిగిన ఫ్యాన్లూ చచ్చిన టీవీలూ కొనేవాడు. వాడు చిన్నోడి భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పాడు. ఒక పొట్లం చేతులు మారింది. ఇంటికొచ్చాక ఎక్కడికెళ్ళావురా అంటే, ఊరికే గాలికి అన్నాడు. ముసురులో గాలికి ఎవడెళ్తాడు? అది మొదలు చిన్నోడి బల్ల సొరుగుకు తాళం కూడా పడింది. ఇన్నాళ్ళూ ఆ సొరుగుకు తాళం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు.

అనుమానం చెదపురుగు లాంటిది. పైన సున్నం బాగానే ఉంటుంది, వేలు పెడితే లోపలికి దిగిపోతుంది.

ఒక బోర్డుకు తీగలు తగిలించి తెర ముందు కూర్చున్నాడు. ఫ్లాష్ చిప్పు లోపల గుడ్ల ట్రే లాగే ఉంటుంది, గడులు గడులుగా. ఎంత మంచి తయారీలోనైనా ఒకటీ అరా గడి పుట్టుకతోనే పనికిరాదు. తయారు చేసినవాడే దాని మీద చెడ్డదని ముద్ర వేసి పంపుతాడు. వాడగా వాడగా అరిగిన గడి మీద డ్రైవర్ ముద్ర వేస్తుంది. ఒకసారి ముద్ర పడ్డాక కెర్నెల్ దానివైపు మళ్ళీ చూడదు. కులం లోంచి వెలేసినట్టే.

స్విచ్చు వేశాడు. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. ఈ గడి చెడ్డది. ఈ గడి చెడ్డది. ఈ గడి చెడ్డది. పేజీ దాటినా ఆగలేదు. చివరన, వేడి, తేమ అమరికలు దాచడానికి చోటు లేదని చెప్పి ఊరుకుంది.

"కొత్త చిప్పట," అన్నాడు బావ తనలో తనే. "తాతకు పట్టు లాగు తొడిగి పెళ్ళికొడుకంటున్నాడు."

అక్క కిందికి దిగేసరికి అతను ఇంకా తెర వైపే చూస్తున్నాడు. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెనక నిలబడింది.

"ఏమిటండీ, పొద్దున్నే మొహం అలా పెట్టారు?"

"నా మొహం సంగతి తరవాత. మీ తమ్ముడు చిప్పులు ఎక్కడ కొన్నాడు?"

మంచి పని చేసిన రోజున చిన్నోడు బావకు బావమరిది. చెడు మొదలైతే అక్కకు తమ్ముడు. ఆమెకు ఆ తేడా తెలుసు. మెల్లగా స్టూలు లాక్కుని కూర్చుంది. అతను చిప్పు చూపించాడు, తెర చూపించాడు, పాత ఇనుమాయన చూరు సంగతి చెప్పాడు, సొరుగు తాళం సంగతి చెప్పాడు. ఒక్కొక్కటి విడిగా చెబితే ఏమీ కాదు. వరసగా చెప్పేసరికి తాడు పేనినట్టు అయింది.

"వాడు అలాంటివాడు కాదు," అంది అక్క. కొంచెం ఆగి, "సొరుగుకు తాళం దేనికి?" అని తనే అడిగింది.

చిన్నోడు టీ గ్లాసు పట్టుకుని, గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి లోపలికొచ్చాడు. ఇద్దరూ తన వైపే చూస్తుండడంతో నవ్వాడు.

"ఏంటి, సంబంధం చూస్తున్నారా నాకు?"

"ఈ చిప్పులు ఎక్కడివిరా?" అన్నాడు బావ.

"కొట్లోవి."

"ఏ కొట్లోవి?"

"చిప్పులమ్మే కొట్లోవి. కూరగాయల కొట్లో అడిగా బావా, లేవన్నారు."

మరో పూటయితే అక్క నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు.

"పాత ఇనుమాయనతో నీకేం పని?"

చిన్నోడి చేతిలో గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగింది. ఆ ఆగడాన్ని బావ చూశాడు. కుండకు బీట ఎక్కడుందో దొరికినట్టయింది అతనికి.

"నాకు కాపలా కాస్తున్నావా బావా?"

"కిటికీ ఉంది. కళ్ళున్నాయి."

"కళ్ళుంటే చాలా? చెవులక్కర్లేదా? అడగొచ్చుగా."

"అడిగాను. గాలికన్నావు."

చిన్నోడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేను దొంగ సరుకు తేలేదు."

"అది కాదురా అడిగింది," అంది అక్క. "ఎక్కడ తెచ్చావు?"

"చెబితే నమ్ముతావా? ఆయన నమ్ముతాడా?"

"ముందు చెప్పు."

"ఎందుకక్కా, తీర్పు అయిపోయాక సాక్షిని పిలిచినట్టు."

ఆ మాట అక్కకు తగిలింది. తల్లి పోయాక అతన్ని చంక దించకుండా పెంచింది ఆమె. బడికి పంపింది, పని నేర్పింది. వీధిలో ఎవరైనా మాట అంటే వాళ్ళింటి మీదికి వెళ్ళి మరీ దులిపి వచ్చింది. ఇప్పుడు ఆమె గొంతు పెద్దది కాలేదు, చిన్నదయింది. ఆమెకు కోపం వస్తే అంతే.

"సాయంత్రం గుడ్లాయన వచ్చేలోగా చెప్పు. చెప్పనంటే సంచి సర్దుకో. ఈ కొట్టు నుంచి తెలిసి తెలిసి చెడ్డ బోర్డు బయటికి వెళ్ళిందంటే, నాకు నువ్వూ పరాయివాడూ ఒకటే."

చిన్నోడు ఆమెను చూశాడు. బావను చూడలేదు. వంగి, గుమ్మం దాటి మేడ మీదికి వెళ్ళిపోయాడు. టీ బల్ల మీదే చల్లారిపోయింది. కాసేపటికి అక్క కూడా లేచి పైకి వెళ్ళింది.

కొట్లో బావ ఒక్కడే మిగిలాడు. పైన మాటలు వినపడుతున్నాయి కానీ ఏ మాటో తెలియడం లేదు. అతను సొరుగు వైపు చూశాడు. చూపు తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు. అందులో గీకిన చిప్పులు ఉండి ఉంటాయి, గరుకు కాగితం కూడా ఉండి ఉంటుంది. అది బయటపడితే మాట్లాడవలసిన పని ఉండదు.

స్క్రూడ్రైవర్ తీసుకుని తాళం పక్క సందులో పెట్టి మెలితిప్పాడు. పాత చెక్క. పెద్దగా ఎదురుతిరగలేదు.

సొరుగులో గరుకు కాగితం లేదు. ఒక దువ్వెన, విరిగిన కళ్ళజోడు, ఇంకా పగలగొట్టని ఒక ప్యాకెట్. గాలి తీసి అతికించిన వెండి రంగు ప్యాకెట్, మీద ఏదో గోదాం చీటీ, తేమ చూపించే చిన్న కాగితం రంగు మారకుండా లోపలే ఉంది. ఫ్యాక్టరీలో అతికించిన అతుకు చెక్కుచెదరలేదు. బావ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. అతుకును కూడా నకలు చేస్తారు అనుకున్నాడు. కత్తెరతో కొస కోసి ఒక చిప్పు బయటికి తీశాడు. దాని మీద కూడా అక్షరాలు అలాగే మసకగా ఉన్నాయి. మిగతావీ అంతే. ఆ తయారీవాడి అచ్చే అంత. సిరా కాదు, లేజరు వెలుతురుతో కాల్చిన అక్షరాలు. ఎవరూ గీకలేదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. చిప్పులను చదివే యంత్రం గూట్లో దాన్ని పెట్టి, కెర్నెల్ జోలికి పోకుండా ఉన్నదున్నట్టు చదివించాడు. మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఖాళీ. ఎవరి చెయ్యీ పడని తెల్లదనం. ముద్రలు ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి, చేతిలోంచి జారిన గింజల్లా దూరం దూరంగా ఉన్నాయి.

బావ వీపు కుర్చీకి ఆనించాడు. పైన ఏదో బరువైనది నేల మీద ఈడ్చిన చప్పుడయింది. మంచం కింద ఉండే చిన్నోడి రేకు పెట్టె.

గుడ్లాయన తెచ్చిన బోర్డుకు మళ్ళీ స్విచ్చు వేశాడు. ఈసారి మాటలు చదవలేదు, ముద్రలు ఎక్కడెక్కడ పడ్డాయో చూశాడు. అన్నీ ఒకే చోట ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, సాలు తోలినట్టు. చిన్నప్పటి నుంచీ అతను అరిగిన వస్తువులను చూసినవాడే. చొక్కా మోచేతి దగ్గర అరుగుతుంది, చెప్పు మడమ దగ్గర అరుగుతుంది. కొలబద్ద పెట్టి గీసినట్టు ఏదీ అరగదు. ఇది అరుగుదల కాదు, ఎవరో నడిచిన జాడ.

పక్కన పెట్టిన బోర్డుల్లో ఇంకా చోటు మిగిలి ఉన్న ఒకదాన్ని తగిలించాడు. ప్లగ్గు పీకాడు, పెట్టాడు. ఇంకో ముద్ర, వరసలో తరవాతి గడి మీదే. మళ్ళీ పీకాడు, పెట్టాడు. దాని పక్కది. చిన్నోడు మేడ మీద ఉన్నాడు. అక్క మేడ మీద ఉంది. కొట్లో తను తప్ప ఎవరూ లేరు, బోర్డులో తన కెర్నెల్ తప్ప ఎవరూ లేరు. ముద్ర వేస్తున్న చెయ్యి ఎవరిది?

బావ లేచి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. తాగుతుండగా చిన్నోడు ఎప్పుడో అన్న మాట గుర్తుకొచ్చింది. చిప్పులు తెచ్చిన కొత్తలో బల్ల మీదికి వంగి, "బావా, ఈ చిప్పు తెలివైంది, తన తప్పు తనే దిద్దుకుంటుంది, నీ కెర్నెల్ దిద్దక్కర్లేదు," అన్నాడు. నీ సరుకు నువ్వే పొగుడుకో అనుకుని బావ తల కూడా ఎత్తలేదు.

కొత్త వెర్షను కెర్నెల్‌లోకి పాత అమరికను పోస్తే, అది కొత్తగా వచ్చిన సంగతుల గురించి మాత్రం ఒక్కొక్కటే అడుగుతుంది. ఇది కావాలా, అది కావాలా అని. ఏమీ చెప్పకుండా మీట నొక్కితే వద్దన్నట్టు లెక్క. బావ ఆ ప్రశ్నలను పూర్తిగా చదవడు. తెలియని మనిషిని ఇంట్లోకి రానివ్వనట్టే, తెలియని అమరికను కెర్నెల్లోకి రానివ్వడు. ఆ రోజు కూడా వద్దు, వద్దు, వద్దు అనుకుంటూ మీట నొక్కుకుంటూ పోయాడు. ఫ్లాష్ డ్రైవర్ దగ్గర సగం చూసి వదిలేసిన ఒక ప్రశ్న ఇప్పుడు గుర్తుకొచ్చింది. చిప్పు లోపలి దిద్దుబాటును వాడుకోనివ్వాలా? దానికీ వద్దనే నొక్కాడు.

ఇప్పుడు మొత్తం కళ్ళ ముందు కనపడింది. కరెంటు వచ్చినప్పుడల్లా ముందు చిన్నోడి లోడరు లేస్తుంది. కరెంటు పోయి వచ్చిందని అమరికలు దాచే చోట ఒక ఆనవాలు రాస్తుంది. చిప్పు తన పద్ధతిలో ఆ రాతను సరిచూసి, పక్కన గుర్తు పెట్టుకుంటుంది. తరవాత కెర్నెల్ లేచి, ఆ గుర్తులను తన పాత లెక్కతో చదువుతుంది. లెక్క కలవదు. రాత బాగానే ఉంది, గడి బాగానే ఉంది. కానీ తన లెక్కకు కలవలేదు కాబట్టి చెడ్డదని ముద్ర వేసి తరవాతి గడికి పోతుంది. కొట్లో పరీక్ష చేసినప్పుడు నాలుగైదు సార్లు వేసి ఆర్పితే ఏమీ తెలియలేదు. గుడ్లాయన షెడ్డులో కరెంటు మాటిమాటికీ పోతుంది. ఒక్కో పోకకూ ఒక్కో మంచి గడికి వెలి పడింది. గడులు అయిపోయిన రోజున యంత్రం మరిచిపోయింది.

మేడ మెట్ల మీద రేకు పెట్టె ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు వినపడింది.

బావ వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. ఆ ఒక్క జవాబూ మార్చి, కెర్నెల్‌ను మళ్ళీ కట్టి, ఏదో తంటాలు పడి బాగుచేశానని చెబితే అడిగేవాళ్ళు లేరు. పాత ఇనుమాయన పొట్లం ఉండనే ఉంది, తప్పు చిన్నోడి మీదే ఉండిపోతుంది. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. ఎంతసేపుందో అతనికే తెలియదు. పెట్టె చివరి మెట్టు దిగింది.

"ఒరేయ్, ఆగు," అన్నాడు.

చిన్నోడు గుమ్మం అవతలే ఆగాడు. వెనక అక్క ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చిప్పులు కొత్తవే," అన్నాడు బావ. "ముద్రలు వేసింది నా కెర్నెల్. అది అడిగితే నేను వద్దన్నాను."

అక్కకు అర్థం కాలేదు. అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి ప్లగ్గు పీకి, పెట్టి, కొత్తగా పడ్డ ముద్ర మీద వేలు పెట్టి చూపించాడు. ఆమె తెర చూసింది. తరవాత పగిలిన సొరుగు చూసింది. తరవాత మొగుణ్ణి చూసింది.

"అది అడిగింది. మీరు వద్దన్నారు."

"అవును."

"ఏమడిగిందో చదివారా?"

"లేదు."

"ముప్పూటలా పెట్టే కూడు కూడా మూత తీసి, వాసన చూసి తినే మనిషి," అంది అక్క. "దాన్ని మాత్రం చదవకుండా వద్దన్నారు."

చిన్నోడు లోపలికొచ్చి సొరుగు అంచున విరిగిన చెక్కను వేలితో తడిమాడు. "తాళంచెవి అడిగితే ఇచ్చేవాణ్ణి," అన్నాడు.

"మరి తాళం ఎందుకేశావురా?" అంది అక్క, ఏడుపు గొంతుతో. "ఆ పాత ఇనుమాయన ఎందుకు? ఆ ఒక్క ముక్కా పొద్దున చెబితే నీ సొమ్మేం పోయేది?"

"మనం కొనే చోట సరుకు అయిపోయింది. పాత ఇనుమాయన అల్లుడికి గోదాం ఉంది, కొత్త సరుకే. వాడి పేరెత్తితే బావ వద్దంటాడు. ఆయన దేనికి సరేనన్నాడు గనక? అందుకే చెప్పలేదు. ప్యాకెట్ మీద గోదాం పేరుంది, అందుకే తాళం." అతను చేతులు దులుపుకున్నాడు. "అయినా నేనెక్కడ కొంటే ఏంటి? ఆయన అనుమానించాడు, సరే, ఆయన పుట్టుకే అంత. నువ్వెలా నమ్మావక్కా?"

గోడ మీది ఎండ మళ్ళీ ఒకసారి కిందికి పాకి, వెనక్కి పోయింది.

"గుడ్లాయన వస్తాడు," అన్నాడు చిన్నోడే చివరికి. రేకు పెట్టెను కాలితో పక్కకు జరిపి స్టూలు మీద కూర్చున్నాడు. "ముందు పని చూడండి."

బావ ఆ ప్రశ్నను వెతికి పట్టుకున్నాడు. ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాడు. అవునని నొక్కి, కెర్నెల్ కట్టడం మొదలుపెట్టాడు. అది కట్టుకుంటుండగా గుడ్లాయన తెచ్చిన బోర్డుల్లోని ముద్రలను చెరిపే ఆజ్ఞ రాయబోయాడు. మామూలుగా కెర్నెల్ ముద్ర పడ్డ గడిని ముట్టుకోనివ్వదు. బలవంతంగా కడిగే ఆజ్ఞ వేరే ఉంది.

"కడగొద్దు," అన్నాడు చిన్నోడు.

"ఎందుకు? గడులు మంచివే గదా."

"నువ్వు వేసిన ముద్రలు మంచి గడుల మీద ఉన్నాయి. తయారుచేసినవాడు వేసినవి నిజంగా చెడ్డ గడుల మీద ఉన్నాయి. ఆ వరసలో వాడి ముద్ర కూడా ఒకటి ఉండి ఉంటే? ఏది ఎవరిదో ఇప్పుడు ఎలా తెలుస్తుంది? కడిగితే అన్నీ కలిసి పోతాయి. నిజంగా చెడ్డదాంట్లో రేపు వేడి లెక్క రాసుకుంటుంది యంత్రం."

బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది అతనికి తెలియని సంగతి కాదు. తొందరలో తెలియనట్టు చేయబోయాడు.

"అయితే ఈ చిప్పులన్నీ?" అంది అక్క.

"పక్కన పడెయ్యడమే. ప్యాకెట్‌లో ఉన్నవి పెట్టు."

అక్క వేడిగాలి గొట్టం వెలిగించింది. చిప్పు కాళ్ళ దగ్గర సీసం మెత్తబడి మెరిసేదాకా ఆగి, పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తి రేకు మూతలో వేసింది. టప్, టప్ మని అవి పడుతున్నాయి. చిన్నోడు ప్యాకెట్‌లోని చిప్పులకు లోడరు ఎక్కించి అందించాడు. ఆమె అతికించింది. బావ తన కెర్నెల్ ఎక్కించాడు. ఎప్పుడూ నడిచే వరసే. ఇదివరకు చెయ్యి మారేటప్పుడు ఒక వెటకారమో, ఒక తిట్టో కూడా మారేది. ఇవాళ బోర్డు మాత్రమే మారింది.

పొద్దు వాలుతుండగా గుడ్లాయన వచ్చాడు. బావ చెప్పింది సగం విని చెయ్యడ్డం పెట్టాడు. "నాకు కథ వద్దు. ప్లగ్గెక్కడ?" అని తనే కూర్చుని, పీకడం, పెట్టడం, పీకడం, పెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో వాళ్ళు గమనించరనుకున్నప్పుడు గబుక్కున రెండుసార్లు పీకాడు, దొంగను పట్టుకున్నట్టు. యంత్రం ప్రతిసారీ చెప్పిన వేడే చెప్పింది. తెర మీద ముద్రలు రెండే ఉన్నాయి, ఎక్కడివక్కడే, ఒక్కటీ పెరగలేదు.

"తప్పెవరిది ఇంతకీ?" అన్నాడు బోర్డులు సంచిలో వేసుకుంటూ.

"నాది," అన్నాడు బావ.

గుడ్లాయన నమ్మనట్టు చిన్నోడి వైపు చూశాడు, మూలనున్న రేకు పెట్టె వైపు చూశాడు. "ఏదో మీ ఇంటి గొడవ," అని గొణిగి వెళ్ళిపోయాడు. వీధిలోకి దిగాక కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

చిన్నోడు లేచాడు.

"రేపు పనికొస్తాను," అన్నాడు, బల్ల వైపు చూస్తూ. "గోదాం వెనక ఒక గది ఉంది. అల్లుడు ఇస్తానన్నాడు. ఇక్కడ పడుకోను."

"ఒరేయ్..." అంది అక్క.

"పనికొస్తానన్నానుగా."

బావ పెట్టె ఎత్తబోతే చిన్నోడు అడ్డం పడలేదు గానీ, రెండో పక్క పిడి తను పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని గుమ్మం బయట అరుగు మీద పెట్టారు.

"తిని వెళ్ళు," అంది అక్క. అది అడిగినట్టు లేదు, బతిమాలినట్టూ లేదు. ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.

మేడ మీద వంటగదిలో ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. అక్క అన్నం వడ్డించింది, కూర వేసింది. బావ మూత తీసి చూడలేదు, వాసన చూడలేదు, కంచంలో పడింది కలుపుకున్నాడు. కూరలో ఉప్పు లేదు. చిన్నోడు మొదటి ముద్దకే ఆ సంగతి గ్రహించి, అక్క మొహం చూసి, రెండో ముద్ద కలిపాడు. ఉప్పు గిన్నె బావ చేతికి అందేంత దూరంలోనే ఉంది. అతను దాన్ని తీసుకోలేదు. కిటికీ బయట మబ్బు చివరికి చినుకులుగా మారింది. ఎవరూ లేచి చూడలేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు, కంచాలు ఖాళీ అయ్యేదాకా.